ఎర్ర కారు వాకబు

చంద్రరావు ఎవరింటికి వెళ్ళినా ముందు పెరట్లోకి వెళ్ళేవాడు.

వీధి గోడకి ఎవరైనా సున్నం వేయిస్తారు. పెరడు అలా కాదు. బట్టలు ఆరేసిన తీగ, అంట్లు తోమే గట్టు, చెత్త పోసే మూల. ఇవి చూశాక వచ్చి వీధి అరుగు మీద కూర్చునేవాడు. కాఫీ ఇస్తే, ఆ పాలు ఇంటి గేదెవో కొన్నవో రుచి చూసి తేల్చుకునేవాడు. అడిగేవాడు కాదు. అడిగితే వచ్చే జవాబు మీద ఆయనకి నమ్మకం లేదు.

ముప్ఫై ఏళ్ళు పంచదార ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర పనిచేశాడు. నిండు బండి కాటా ఎక్కుతుంది. చెరుకు దించాక ఖాళీ బండి ఎక్కుతుంది. రెండు తూకాలకీ తేడా చెరుకు. చెప్పడానికి అంతే. కానీ నిండు బండి తూగేటప్పుడు చెరుకు మీద కూర్చున్న మనిషి, ఖాళీ బండి తూగేటప్పుడు దిగిపోయి చెట్టు కింద బీడీ కాల్చుకుంటూ ఉండేవాడు. మోపుల మధ్య తడిమట్టి ఉండేది. అప్పుడప్పుడు రాయి ఉండేది. రాయి ఉన్న బండివాడు అందరికంటే ముందు ఒట్టు పెట్టుకునేవాడు. పిల్లల మీద, అన్నవరం సత్యదేవుడి మీద. ఒట్టు చెవిన పడగానే చంద్రరావు మోపు విప్పించేవాడు.

భార్య పోయింది. పిల్లలు లేరు. రిటైరయ్యాక తణుకులో చెల్లెలు సంపూర్ణమ్మ ఇంట్లో వీధిగదిలో ఉండేవాడు. సంపూర్ణమ్మకి భర్త లేడు. ఒక్కతే కూతురు, దుర్గాశ్రీ.

ఆ గదిలోకి ఎవరెవరో వచ్చేవారు. అమ్మాయికి ఫలానా ఊరి సంబంధం వచ్చింది, కాస్త వాకబు చేసి పెట్టండి అనేవారు. ఆయన వెళ్ళేవాడు. బస్సు ఛార్జీ కూడా తీసుకునేవాడు కాదు. పెళ్ళికొడుకు ఊళ్ళో మంగలి షాపులో కూర్చుని పాత పేపరు చదివేవాడు. చాకలి రేవు దగ్గర నిలబడేవాడు. తిరిగొచ్చి ఒక్క మాట చెప్పేవాడు. చేసుకోండి, లేదా వద్దు. ఎందుకు వద్దో చెప్పేవాడు కాదు. ఎవరూ అడిగేవారు కాదు.

దుర్గాశ్రీకి వచ్చిన సంబంధాల్లో రెండు అలా వద్దన్నాడు. మొదటివాడు తాగుబోతని తరవాత తేలింది. రెండోవాడి గురించి ఏమీ తేలలేదు. భీమవరంలో పెళ్ళాంబిడ్డలతో ఉన్నాడు.

మూడోది నిడదవోలు సంబంధం. రెండువేల నాలుగు, మాఘమాసం. పిల్లవాడు సత్యప్రసాద్. రైసు మిల్లులకి రబ్బరు రోలర్లు, బెల్టులు అమ్మే కొట్టు ఉంది. నాలుగెకరాల పొలం, తల్లి మాణిక్యాంబ. దుర్గాశ్రీ తణుకులో ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం చేస్తోంది. పెళ్ళిచూపుల్లో ఆమె తల వంచుకోలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక కాఫీ గ్లాసులు తీస్తూ, "నాకు నచ్చాడు" అంది. అంతకుముందు వచ్చిన ఎవరి గురించీ ఆమె ఆ మాట అనలేదు.

చంద్రరావు అంతసేపూ చూసింది పిల్లవాణ్ణి కాదు. గుమ్మం ముందు ఆగి ఉన్న కారుని.

ఎర్రగా ఉంది. నేలని పట్టుకుని పాకుతున్నట్టు ఉంది. రెండే తలుపులు, రెండే సీట్లు. జపాన్‌ది. బొంబాయిలో ఎవరో వాడుకుని అమ్మేసిన దాన్ని సత్యప్రసాద్ కొన్నాడు. ఆ రోజు పిల్లవాడు కారులో వచ్చాడు. తల్లీ, ఆమె తమ్ముడూ బస్సులో వచ్చారు.

"కన్నతల్లికి చోటు లేదు దాంట్లో" అన్నాడు చంద్రరావు.

"ఆవిడకి దాంట్లో కూర్చుంటే నడుం పట్టేస్తుందటన్నయ్యా. ఆవిడే చెప్పింది" అంది సంపూర్ణమ్మ.

"చెప్పమంటే చెప్పుంటుంది."

మర్నాడు నిడదవోలు వెళ్ళాడు. ఈసారి మంగలి షాపుకి వెళ్ళలేదు. పెట్రోలు బంకుకి వెళ్ళాడు. బంకు చూసుకునే లోకనాథ్ స్టూలు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఆ ఎర్ర కారు ఇక్కడే పోయించుకుంటుందా బాబూ?"

"సత్యప్రసాద్ గారిదాండి? ఆయ్. ప్రతి సోమవారం ఫుల్ ట్యాంకండి. నలభై అయిదు లీటర్లు. మళ్ళీ సోమవారం వచ్చేసరికి అడుగంటిపోయి ఉంటదండి."

"వారానికి నలభై అయిదా?"

"ఏనుగుని పెంచుకోడం నయమండి. చెరుకుగడ పడేస్తే ఊరుకుంటది" అని లోకనాథ్ నవ్వాడు. "సంబంధం తాలూకాండి తమరు?"

"కాదు" అన్నాడు చంద్రరావు.

నవ్వుతూ చెప్పిన మాటని ఆయన ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఏనుగు మాట అక్కడే వదిలేశాడు. నలభై అయిదు లీటర్లని మాత్రం వెంట తీసుకెళ్ళాడు.

అక్కణ్ణించి కొవ్వూరు వెళ్ళి బ్రిడ్జి మొదట్లో టీ తాగాడు. ఎర్ర కారుని టీ కొట్టువాడు ఎరుగును. ఎరగకపోవడం కష్టం. ఆదివారం పొద్దున్నే రాజమండ్రి వైపు పోతుందట. మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగొస్తుందట. అన్నవరం దాకా వెళ్ళొస్తాడని విన్నాడట. మిగతా రోజుల్లో కనపడదు. నిడదవోలులో సత్యప్రసాద్ కొట్టు పక్కన అడిగినా అదే చెప్పారు. మిల్లులకి మోటారు సైకిలు మీద వెళతాడు. కారు షెడ్డులో ఉంటుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చంద్రరావు ఆలోచించాడు. ఫ్యాక్టరీ మేనేజరుకి మారుతీ కారు ఉండేది. లీటరుకి పదహారు కిలోమీటర్లు నడిచేది. కారు అంటే ఆయనకి తెలిసిన కొలత అదే. ఆ కొలతన, అన్నవరం వెళ్ళి రావడానికి ట్యాంకులో మూడో వంతు కూడా పట్టదు. మిగిలిన పెట్రోలుతో మద్రాసు దగ్గరికి పోవచ్చు. వారం వారం పోవచ్చు. కారు షెడ్డులో ఉందంటున్నారు. పెట్రోలు మాత్రం ఉండడం లేదు.

లోపలికి వెళ్ళింది బయటికి రాలేదంటే మధ్యలో ఎవరో ఉన్నారు. కాటా దగ్గర ఇది ఎప్పుడూ తప్పలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చున్నాడు. చెల్లెలూ, మేనకోడలూ ఎదురుగా ఉన్నారు.

"వద్దు" అన్నాడు.

దుర్గాశ్రీ అంది. "ఎందుకు?"

ఆ ప్రశ్న ఆయనని అంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఎక్కడో ఇంకో కాపురం ఉంది. దూరంలో. కాకినాడో, వైజాగో."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పెట్రోలు చెప్పింది." లెక్క వినిపించాడు.

దుర్గాశ్రీ పూర్తిగా విన్నది. "మావయ్యా, రక్తంలో ఏదైనా తేడా కనపడితే మేం వెంటనే జబ్బని రాసెయ్యం. ఇంకోసారి తీసి చూస్తాం. మీరు ఒక్క చుక్క చూసి మనిషిని పాతిపెట్టేస్తున్నారు."

"అనుమానం ఉన్న చోట పిల్లనిస్తామా?"

"అనుమానం లేని చోటు మీకెక్కడుంది?"

"ఏమే, పెద్దవాళ్ళతో అలాగేనా" అంది సంపూర్ణమ్మ. కానీ గొంతులో కోపం లేదు. ఆమె కూడా అన్నగారి ముఖం వైపే చూస్తోంది. ఈ మాట నిలిస్తే మూడో సంబంధమూ పోతుంది. కూతురు నచ్చాడన్నది ఒక్కణ్ణే.

దుర్గాశ్రీ సెల్‌ఫోన్ తీసింది. వాళ్ళ ముందే నంబరు నొక్కింది. "నేనండి, దుర్గాశ్రీని. మా మావయ్యకి మీ పెట్రోలు మీద అనుమానంగా ఉంది. ట్యాంకు నిండా పోయించుకుని ఎక్కడికి వెళ్తున్నారని." అవతల మాట వింటూ గోడకేసి చూసింది. "సరే" అని పెట్టేసింది.

"ఏమన్నాడే?" అంది తల్లి.

"ఆదివారం వస్తాడట. మావయ్యని ఎక్కమన్నాడు."

"నన్నా?"

"రెండే సీట్లు. నేనెక్కితే మీరు ఒప్పుకోరుగా."

తప్పు చేసినవాడు ఇంత తొందరగా రమ్మనడే అని ఒక క్షణం అనిపించింది చంద్రరావుకి. వెంటనే, తొందరగా రమ్మనేవాళ్ళనే చూసుకోవాలని అనిపించింది.

ఆదివారం ఏడింటికి కారు వచ్చింది. చంద్రరావు పంచె ఎగ్గట్టి దాంట్లోకి దిగాడు. ఎక్కడం కాదది. కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చోవాల్సి వచ్చింది. రోడ్డు తన పిర్రలకింద జానెడు దూరంలో ఉన్నట్టు తోచింది. ఎదురింటి వాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు.

"ఎక్కడికి వెళ్దామండి?" అన్నాడు సత్యప్రసాద్. సన్నగా ఉన్నాడు, ముప్ఫై దాటాయి. గొంతు పెద్దది కాదు.

"నువ్వు రోజూ వెళ్ళే చోటికి."

"రోజూ వెళ్ళనండి. ఆదివారం అన్నవరం వెళ్తాను."

"అక్కడికే పద. ముందు బంకుకి."

తణుకు బంకులో ట్యాంకు పొంగేదాకా పోయించాడు చంద్రరావు. మూత తనే బిగించాడు. దిగి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక డిక్కీ తెరవమన్నాడు. స్టెప్నీ తప్ప ఏమీ లేదు. స్టెప్నీ కూడా ఎత్తి చూశాడు. సత్యప్రసాద్ పక్కన నిలబడి ఉన్నాడు. నొచ్చుకున్నట్టు లేడు. నొచ్చుకోకపోవడం కూడా చంద్రరావు గమనించాడు.

నిడదవోలు దాకా కాలవగట్టు రోడ్డు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా కారుని అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రం ఎక్కించి దించుతున్నాడు. అయినా కింద ఏదో గీసుకున్న చప్పుడు.

"ఆ రేకు ఏడాదిలో రెండుసార్లు మార్చానండి. బొంబాయి నుంచి రావాలి. టైర్లు కూడా అక్కణ్ణించే. మన రోడ్ల మీద ఏడాదికి మించి ఉండవండి."

"నేనడగలేదు."

"అడుగుతారు కదండీ."

అడక్కుండా చెప్పేవాళ్ళని చంద్రరావు ఎరుగును. చిన్న తప్పు ముందు పెట్టి పెద్దది వెనక దాస్తారు. అడగవలసింది అడిగాడు.

"నెలకెంతవుతుంది దీనికి?"

"కొట్టు మీద మిగిలేదాంట్లో మూడో వంతండి. పెట్రోలు ఒక్కటే. ఇన్సూరెన్సూ, రిపేర్లూ వేరే."

"మూడో వంతా! మీ అమ్మగారికి తెలుసా?"

"ఆయ్. నెలకోసారి తిడతారండి. మొదటి తారీకున."

నిడదవోలు దాటాక ఒక ఊరి దగ్గర రోడ్డు మొత్తం మినపచెట్లు పరిచి ఉన్నాయి. పొలంలో పీకిన మినుముని రోడ్డు మీద వేస్తే వచ్చే పోయే బళ్ళు తొక్కి కాయ రాలుస్తాయి. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు తొక్కుకుంటూ పోతున్నాయి. సత్యప్రసాద్ కారు ఆపాడు.

"పద. అందరూ పోతున్నారుగా."

"మన బండి కింద అంత ఎత్తు లేదండి. ఎండుకంప సైలెన్సర్‌కి తగిలితే అంటుకుంటుంది."

రోడ్డు పక్క గొడుగు వేసుకుని కూర్చున్న ముసలావిడ లేచి వచ్చింది.

"వచ్చావా నాయనా? ప్రతి ఆదివారం నీతో ఇదే గోల. బండి కొన్నావా, చాప కొన్నావా?"

"చాపేనండి, మామ్మగారూ. పరుచుకుని తిరుగుతున్నాను."

"ఇవాళెవరు పక్కన? పోయిన వారం ఎవరూ లేరే."

"పెద్దాయనండి. తణుకు."

ముసలావిడ వంగి అద్దంలోంచి చంద్రరావుని చూసింది. "పాపం, దాంట్లో పడిపోయారా బాబూ?" అంది.

సత్యప్రసాద్ చేతులతో మినపకంప పక్కకి లాగి దారి చేశాడు. కారు దాటించాక మళ్ళీ దిగి వెళ్ళి ఎక్కడిదక్కడ సర్దాడు. చంద్రరావు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఇది తన కోసం ఆడిన నాటకం కాదు. ముసలావిడ మాటల్లో అది దొరికింది. ప్రతి ఆదివారం వస్తాడు, ఒక్కడే వస్తాడు. ఆదివారం వరకూ సరే. మిగతా పెట్రోలు సంగతి మిగిలే ఉంది.

రాజమండ్రి దాటి పెద్ద రోడ్డెక్కాక కారు స్వరం మారింది. జీడితోటలు వెనక్కి జారిపోయాయి. సత్యప్రసాద్ మాట్లాడడం మానేశాడు. ముఖంలో ఆనందం లాంటిదేమీ కనపడలేదు. దారం సూదిలోకి ఎక్కించే మనిషి ముఖంలా ఉంది. చంద్రరావు రోడ్డు చూడలేదు. పెట్రోలు ముల్లు చూశాడు. అది ఆయన ఊహించినట్టు నిలబడి లేదు. జగ్గంపేట వచ్చేసరికి సగానికి వచ్చింది.

"ఈ ముల్లు సరిగ్గా చూపిస్తుందా?"

"చూపిస్తుందండి. మొదట్లో నేనూ నమ్మలేదు."

అన్నవరం కొండ కింద హోటలు ముందు ఆపాడు. కాఫీ తాగుదామన్నాడు.

"ఇక్కడికి వచ్చి ఏం చేస్తావు?"

"కాఫీ తాగి వెనక్కి వెళ్ళిపోతానండి."

"కొండెక్కవా?"

"ఎప్పుడైనా ఎక్కుతానండి. ప్రతిసారీ కాదు."

"అయితే ఏ పనీ లేకుండా ఇంత దూరం వస్తావా? మనిషి కోసం కాదు, దేవుడి కోసం కాదు?"

"ఆయ్."

చంద్రరావు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. కొండ మెట్ల వైపు చెయ్యి చూపించాడు. "పైన సత్యదేవుడున్నాడు. పైకి వచ్చి, ఇంకో ఆడమనిషి లేదని ప్రమాణం చెయ్యి. ఇంక నేనేమీ అడగను."

సత్యప్రసాద్ కొండ వైపు చూడలేదు. "చెయ్యనండి."

"ఎందుకని?"

"మీరు పెట్రోలు మీద అనుమానపడ్డారు. పెట్రోలు కొలవండి. కొలిచాక కూడా అనుమానం ఉంటే ఒట్టు వేస్తే మాత్రం పోతుందా అండి?"

పక్క బల్ల దగ్గర వ్రతానికి వచ్చిన కొత్త జంట ఇడ్లీలు తింటున్నారు. చంద్రరావు కాఫీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ముందు ఒట్టు పెట్టనన్న బండివాడు ఒక్కడూ లేడు. అలాంటి మనిషి మోపు విప్పాలో అక్కర్లేదో ఆయనకి తెలీలేదు.

తిరుగుదారిలో ఇంకొక్కటి అడిగాడు. అది బేరం లాంటి ప్రశ్న. "మా అమ్మాయి కావాలంటే ఈ కారు అమ్మేస్తావా?"

ఎవరైనా ఆలోచించకుండా అమ్మేస్తానంటారు. పెళ్ళికి ముందు ఏమైనా అంటారు.

"అమ్మనండి" అన్నాడు సత్యప్రసాద్. "దండగే. నాకు తెలుసు. పిల్లలు పుడితే దీంట్లో పట్టరు. అప్పుడేం చేస్తానో తెలీదు. ఇప్పుడైతే అమ్మను. ఆవిడకి కూడా అదే చెప్పాను ఫోన్లో."

"ఫోన్లో చెప్పావా? ఆ రోజా?"

"ఆయ్. సరే అన్నారు."

నిడదవోలు దాటేసరికి ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది. చిన్న దీపం వెలిగింది. చంద్రరావు రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాడు. నడిరోడ్డు మీద ఆగిపోతుందేమోనని కాదు. ఇది ఏ మారుతీ లెక్కకీ లొంగడం లేదు. లోపలికి వెళ్ళిందంతా తన కళ్ళముందే, తను కూర్చుని ఉండగానే, ఎవరికీ చేరకుండా పోయింది.

తణుకు బంకులో మళ్ళీ మూత తనే విప్పాడు. పొంగేదాకా పోయించాడు. మీటరు నలభై మూడు దాటి, నలభై నాలుగు దగ్గర ఆగింది. సత్యప్రసాద్ పర్సు తీశాడు. తీసేటప్పుడు చిన్న నిట్టూర్పు వచ్చింది. చంద్రరావు ఆ నిట్టూర్పు విన్నాడు. అన్నిటికంటే అది ఎక్కువ నిజంగా ఉందనిపించింది.

ఇంటి ముందు దిగి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. సత్యప్రసాద్ లోపలికి రాలేదు. గుమ్మంలో ఉన్న సంపూర్ణమ్మకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

వసారాలో ఆ ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. చంద్రరావు కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

"ఇంకో కాపురం లేదు" అన్నాడు. "ఆ బండే తాగేస్తోంది. లీటరుకి ఐదున్నర కిలోమీటర్లు."

సంపూర్ణమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "హమ్మయ్య. అయితే ఇంక చేసుకోమంటావా?"

"అదే తెలీడం లేదు."

"అదేంటన్నయ్యా?"

"తిట్టాల్సినవాడు తిట్టలేదు. ఒట్టు పెట్టమంటే పెట్టలేదు. కారు అమ్ముతావా అంటే అమ్మనన్నాడు. నెల సంపాదనలో మూడో వంతు దానికి పోసి, పని లేకుండా కొండ కిందికి వెళ్ళి కాఫీ తాగి వస్తున్నాడు. ఇలాంటివాణ్ణి నేను తూచలేదు." దుర్గాశ్రీ వైపు తిరిగాడు. "కారు అమ్మనని నీకు ముందే చెప్పాట్ట కదా."

"చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అది కూడా అనుమానంలో కలిపేస్తారని."

చంద్రరావుకి కోపం రాలేదు. కలిపి ఉండేవాడినే అనుకున్నాడు. తరవాత, ఎవరినీ చూడకుండా అన్నాడు.

"వచ్చే ఆదివారం నువ్వెళ్ళు."

"ఎక్కడికి?"

"దాంట్లో. అన్నవరం. నేను కొలవగలిగింది పెట్రోలు వరకే. మిగతాది నువ్వు చూసుకోవాలి."

"పెళ్ళి కాకుండా పిల్లని ఒంటరిగా పంపిస్తామా? ఊరేమంటుంది?" అంది సంపూర్ణమ్మ.

"ఊరు నన్ను చూసి నవ్వింది కదా పొద్దున్న. ఇంకోసారి నవ్వనీ."

మరుసటి ఆదివారం దుర్గాశ్రీ వెళ్ళింది. జడ బిగించి, కళ్ళజోడు పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా సీట్లోకి దిగింది. సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. చంద్రరావు ఆ రోజు పేపరు చదవలేదు. మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని లేచిపోయాడు. ఎండ దిగకముందే కారు వచ్చింది. దుర్గాశ్రీ చేతులకి మినపధూళి ఉంది. పంపు దగ్గర కడుక్కుని లోపలికి వచ్చింది.

"ముహూర్తం చూపించుకోమ్మా" అంది తల్లితో.

సంపూర్ణమ్మ కూతురు తల నిమిరింది. చంద్రరావు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏం మాట్లాడుకున్నారు?"

"పెద్దగా ఏమీ లేదు మావయ్యా. నాకు నడపడం నేర్పమన్నాను. సరే అన్నాడు. పెళ్ళయ్యాక పెట్రోలు ఖర్చు ఇద్దరం చెరి సగం వేసుకుందాం అన్నాడు."

"చెరి సగమా?" అన్నాడు చంద్రరావు. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. "సగం ఎందుకన్నాడు?"

దుర్గాశ్రీ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. సంపూర్ణమ్మ పురోహితుడికి ఫోన్ చెయ్యడానికి లేచింది.